కుడికి తిప్పితే కటకట

షెడ్డు మూసి ఇంట్లో కూర్చున్నా నా ఫోనుకు మాత్రం విశ్రాంతి లేదు. నా దగ్గర పని నేర్చుకుని సొంతంగా షెడ్లు పెట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు వాళ్ళ దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళు, కారు శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి నాకు పంపుతుంటారు. "అన్నా, ఇదేం శబ్దమో చెప్పన్నా" అని కింద ఒక మాట. వింటే అందులో గాలి హోరు, వెనక సీట్లో ఎవరో దగ్గడం, దూరంగా లారీ హారన్, వీటన్నిటి మధ్య ఎక్కడో ఒక టిక్కు. ఆ టిక్కును పట్టుకుని నేను రోగం చెప్పాలట. డాక్టరుకు దగ్గు రికార్డు చేసి పంపితే మందు రాస్తాడా? ఈ రోజుల్లో రాసేవాళ్ళు కూడా ఉన్నారేమో, నాకు తెలియదు.

అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు ఓబులేసు. అనంతపురంలో, పామిడికి పోయే దారిలో, ఒక రేకుల షెడ్డు కింద నా పనికాలమంతా గడిచింది. కారు ముందు భాగంలో, ముఖ్యంగా మలుపు తిరిగేటప్పుడు వచ్చే శబ్దాలు పట్టుకోవడంలో నాకు కొంచెం పేరు ఉండేది. ఆ పేరు వల్ల కలిగిన లాభం ఏమిటంటే, ఊళ్ళో అందరూ విప్పి బిగించి పాడుచేసిన బండి చివరికి నా నెత్తిన పడేది.

నెలలో నేర్చుకునే పని

ముందు పని గురించి చెప్పేస్తాను, అది చిన్నదే. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోనిచ్చినప్పుడు కట కట కట అని, చక్రం వేగంతోపాటు వేగం పెరిగే శబ్దం వస్తే ఇరుసు చివరనున్న జాయింటు పోయినట్టు. ఇంజను బలాన్ని ముందు చక్రానికి తీసుకుపోయేది ఇరుసు. చక్రం పక్కకు తిరిగినా ఆ బలం అందేలా చూసేది జాయింటు. దాన్నిండా గ్రీజు పెట్టి రబ్బరు తొడుగు వేస్తారు, మేము బూటు అంటాం. బూటు చిరిగితే గ్రీజు బయటికి పోతుంది, మన అనంతపురం దుమ్ము లోపలికి పోతుంది. ఆ తర్వాత జాయింటు ఎక్కువ కాలం బతకదు.

మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది. కాబట్టి కుడికి తిప్పితే శబ్దం వచ్చే బండిలో ముందుగా ఎడమ జాయింటు చూడాలి, ఎడమకు తిప్పితే వచ్చేదానిలో కుడిది. నిలబెట్టిన బండిలో స్టీరింగు తిప్పగానే టంగుమంటే చక్రం పైన స్ప్రింగును మోసే స్ట్రట్టు బేరింగు. గుంతలో దబ్బుమంటే చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్ము. వేగంగా పోతూ కొంచెం పక్కకు జరిగితే హోరు పెరిగిందంటే చక్రం బేరింగు. ఇంతే. ఇది నేర్చుకోవడానికి నెల చాలు. మిగిలిన బతుకంతా బండి ఓనర్ల మాటలు నమ్మకుండా ఉండటం నేర్చుకోవడానికే సరిపోతుంది.

ఒకసారి కణేకల్ దగ్గర కాలువ కింద భూములున్న ఒకాయన వచ్చాడు. ఎడమకు తిప్పితే ముందు వైపు టక్కుటక్కుమని కొడుతోందని, అప్పటికే ఇద్దరు మెకానిక్కులు ఏవేవో సామాన్లు మార్చారని చెప్పాడు. నేను కిందికి దూరి చూస్తే బంపరు వెనకాల ఇనుప తీగతో కట్టిన దిష్టి మూట కనిపించింది. ఎండిపోయిన నిమ్మకాయలు, గవ్వలు, వాటితోపాటు ఒక ఇత్తడి గంట. బండి మలుపు తిరిగినప్పుడల్లా గంట ఊగి రేకుకు తగులుతోంది. తీసి చేతిలో పెట్టాను. శబ్దం పోయింది. ఆయన ముఖం మాత్రం మాడిపోయింది. "దాన్ని యాలప్పా తీసినావు? అది కట్టినాకనే బండికి ఏమీ కాకుండా ఉండాది" అన్నాడు. మళ్ళీ అక్కడే, అదే తీగతో కట్టించుకుని పోయాడు. శబ్దం పోవాలని వచ్చినవాడు శబ్దాన్ని జాగ్రత్తగా ఇంటికి తీసుకుపోవడం మీరు కూడా చూస్తారు. చూసి ఊరుకోండి.

ఉస్తాదు చెవి

నాకు పని నేర్పినాయన బాబయ్య ఉస్తాదు. గుత్తి రోడ్డులో ఆయన షెడ్డు ఉండేది. ఆయన్ను పొగుడుతూ నేను పుస్తకం రాయాలని కొందరు అనుకుంటారు. పొగడను. మనిషి నోరు మంచిది కాదు, చెయ్యి అంతకంటే మంచిది కాదు. స్పానరు పొరపాటున ఇసుకలో పడేస్తే ఆ స్పానరుతోనే వీపు మీద కొట్టేవాడు. కానీ ఒక పద్ధతి పెట్టాడు, అది మాత్రం ఈ రోజుకీ సరైనదే. బండి వస్తే దాన్ని రోజూ నడిపే మనిషినే నడపమని, తాను పక్క సీట్లో కూర్చునేవాడు. "బండి కంటే ముందు తోలేవాన్ని వినల్ల" అనేవాడు. ఎవడు మలుపులో క్లచ్చు మీద కాలు పెట్టి కూర్చుంటాడో, ఎవడు స్టీరింగును చివరిదాకా తిప్పి అట్లాగే బిగబట్టుకుంటాడో, పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

ఆయనకు ఉన్న జబ్బు గర్వం. తన చెవి మీద ఎంత నమ్మకమంటే బండి కిందికి దూరడం అవమానం అనుకునేవాడు. ఒక పెళ్ళివాళ్ళ కారు వస్తే ఒక్క చుట్టు తిరిగి "బేరింగు" అని తీర్పు చెప్పాడు. బేరింగు మార్చాం. శబ్దం చెక్కుచెదరలేదు. బ్రేకు డిస్కుకూ, దాని వెనకున్న రేకుకూ మధ్య ఇరుక్కున్న గులకరాయి అది. గోటితో తీస్తే ఊడివచ్చింది. ఓనరు ముందర ఉస్తాదు తల వంచాడా? "బేరింగు గూడ పాతదైండె, మార్చింది మంచిదే" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఒకటి అర్థమైంది. చెవి ఏ పక్కనో చెబుతుంది, ఏ సామాను పోయిందో చెప్పేది చెయ్యి. ఇంకోటి కూడా అర్థమైంది. తప్పు బయటపడ్డాక మనిషి ఏం మాట్లాడతాడో అదే వాడి అసలు శబ్దం.

శివారెడ్డి తీర్పు

ఇప్పుడు అసలు కథ. ఇది నేను షెడ్డు మూయడానికి కొంచెం ముందు జరిగింది.

శివారెడ్డి అని పామిడి వైపు పల్లెవాడు. భూములు ఊళ్ళో, కాపురం అనంతపురంలో, ఆశలు మండల రాజకీయాల్లో. తండ్రి నారాయణరెడ్డి మాత్రం పల్లె వదిలి రాలేదు. శివారెడ్డికి మహబూబ్ బాషా అనే డ్రైవరు ఉండేవాడు. మాటలు తక్కువ, నడక నెమ్మది, బండి నడిపేటప్పుడు కూడా అదే నెమ్మది. ఒకరోజు శివారెడ్డి తానే కారు నడుపుకుంటూ నా షెడ్డుకు వచ్చాడు.

"బాషా యాడ?" అని అడిగాను.

"తీసేసినాన్లే. కొత్త బండిని నాశనం చేసి పెట్టినాడు. కుడికి తిప్పితే ఎముకలు ఇరిగినట్ల కటకటా అంటాండాది."

"శబ్దం వస్తాందని మొదట ఎవురు చెప్పినారు?"

"వాడే చెప్పినాడు. చేసినోనికి తెలీదా యాడ పోయిందో?"

ఈ వాక్యం కింద గీత గీసుకోండి. ఈ వృత్తిలో ఇది ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. శబ్దం వస్తోందని మొదట చెప్పినవాడే దొంగ అవుతాడు. అందుకే తెలివైన డ్రైవర్లు రేడియో సౌండు పెంచుకుని నోరు మూసుకుంటారు. ఓనర్లకు కావలసింది కూడా అలాంటివాళ్ళే.

శివారెడ్డి అంతకుముందే కారును ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోయాడు. వాళ్ళు మొదట బండిని కిందా మీదా శుభ్రంగా కడిగారు. ఆ తర్వాత చూశారు. సాక్ష్యమంతా మోరీలో కలిపేశాక విచారణ మొదలుపెట్టారన్నమాట. చూసి, జాయింటు పోయింది, డ్రైవరు మొరటుగా తోలాడు అన్నారు. మొరటుగా తోలడం అనేది మా వృత్తిలో చాలా సుఖమైన మాట. దాన్ని ఎవరూ రుజువు చేయమని అడగరు.

ఆ మాట పట్టుకుని శివారెడ్డి కార్ల స్టాండు దగ్గరికి పోయి, టీ బంకు ముందర, డ్రైవర్లందరూ వింటుండగా బాషా చేతిలోంచి తాళం లాక్కున్నాడు. బండ్లు చెడగొట్టేవాడని నలుగురిలో అన్నాడు. డ్రైవరుకు ఆస్తి అంటూ ఉండేది ఆ పేరొక్కటే. అది పోయాక అనంతపురంలో బాషాను ఎవరూ బండి ఎక్కనివ్వలేదు. పెళ్ళిళ్ళ కాలంలో కూడా ఖాళీగా టీ బంకు దగ్గర కూర్చునేవాడు. స్టాండులో కొందరు మాత్రం అన్యాయమని గొణుగుతున్నారు. ఆ గొణుగుడు శివారెడ్డి చెవిన పడింది. వాడు నా దగ్గరికి వచ్చింది దానికోసం.

"నీ మాటంటే వాళ్ళకు లెక్క ఉంటాది గదా ఓబులేసూ. రఫ్‌గా తోలితేనే ఇట్లయితాదని నువ్వు ఒగ మాట చెప్పల్ల. జాయింటు మార్చి ఇచ్చేయ్."

బండి రోగం తెలుసుకోవడానికి రాలేదు వాడు. తన తీర్పు మీద నా చేత ముద్ర వేయించుకోవడానికి వచ్చాడు. బాషా మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కానీ నా పేరును ఒకడు రబ్బరు స్టాంపులాగా వాడుకుంటానంటే నాకు ఒళ్ళు మండుతుంది. "చూసి చెప్తాలే" అని కారు ఉంచుకున్నాను.

గ్రీజులో ఉలవలు

ఎడమ జాయింటు పోయిన మాట నిజమే. బూటు చిరిగింది. వర్క్‌షాపువాళ్ళు బయట కడిగారు గానీ లోపలి గ్రీజును ఎవరు కడుగుతారు? వేలితో తీసి చూస్తే నల్లటి గ్రీజులో పొట్టు, నలిగిన ఉలవలు. చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు విప్పాను. గుప్పెడు ఉలవలు, ఎండు కాయలు, తీగ కట్టె ముక్కలు రాలాయి. ఉలవకట్టె, అంటే ఎండిన ఉలవ తీగ, ఇరుసుకు చుట్టుకుని, తాడులాగా బిగుసుకుని, బూటును కోసేసింది.

మన దగ్గర శెనక్కాయ పంట పోయిన ఏడాది ఉలవలు చల్లుకుంటారని, కోశాక రోడ్డు మీద పరిచి వచ్చేపోయే బండ్ల చేత తొక్కిస్తారని ఎవరికైనా తెలుసు. నేను కూడా మొదట అదే అనుకున్నాను. కానీ రోడ్డు మీద పరిచిన ఉలవల మీదుగా బండి నేరుగా పోతుంది. రెండు పక్కలా కట్టె చుట్టుకోవాలి. ఇక్కడ కుడి జాయింటు బాగానే ఉంది. ఎడమ టైరు చూస్తే బయటి అంచు మాత్రమే గీకేసినట్టు అరిగింది. ఊరి రోడ్ల మీద తిరిగే బండి కుడికీ తిరుగుతుంది, ఎడమకీ తిరుగుతుంది. ఈ బండి మాత్రం గంటల తరబడి కుడికే తిరిగింది, బరువూ కట్టె రాపిడీ అంతా ఎడమ పక్కనే పడింది. ఒకే పక్కకు పొద్దస్తమానం తిరిగేది నాకు తెలిసి ఒక్కటే, కళ్ళంలో ఎద్దులు. మా నాయన బంతి తోలడం, అంటే ఎద్దులను వరుసగా కట్టి పంట మీద గుండ్రంగా తిప్పడం, చిన్నప్పుడు నేను చూడని ఏడాది లేదు.

ఈ కారు చేత ఎవరో కళ్ళంలో బంతి తోలించారు.

బాషాను పిలిపించి అడిగాను. వాడు ఆశ్చర్యపోయాడు.

"నాకు తెల్దన్నా. శుక్రవారం శుక్రవారం రెడ్డి పల్లెకు పోతాడు. నన్ను కారు ఆడ పెట్టమని, ఆయన వేరేవాళ్ళ బండిలో మీటింగులకు పోతాడు. నేను బస్సెక్కి నమాజుకు పామిడికి పోతా. సాయంత్రం వచ్చేసరికి కారు నిండా పొట్టు ఉంటాండె. పక్కన కళ్ళం ఉండాది గదా, గాలికి పడిందేమో అనుకున్యా. తుడుచుకుంటాంటి."

జాయింటు మార్చాను. శివారెడ్డి వచ్చాక ఉలవలు చూపించి, టైరు చూపించి, విషయం చెప్పాను. వాడు కొంచెంసేపు ఉలవల వైపు చూశాడు. నిజం ముఖాన కొట్టినప్పుడు కొందరు ఆలోచిస్తారు. శివారెడ్డి అలాంటి బలహీనతలు ఉన్న మనిషి కాదు.

"అంటే నా కారుతో ఊళ్ళోవాళ్ళ పంట తొక్కించి దుడ్లు తీసుకున్యాడన్నమాట. రఫ్ కాదప్పా, వాడు దొంగ" అన్నాడు.

నేను పట్టుకున్న రోగమే బాషా మెడకు చుట్టుకుంది. మొన్నటిదాకా బండి చెడగొట్టినవాడు, ఇప్పుడు దొంగ.

"శుక్రవారం బాషా ఆడ ఉండడు గదా రెడ్డీ. తాళం యాడ పెడ్తారు?"

"ఇంట్లో గోడకు కొట్టిన మొలకు తగిలిస్తాం."

"ఇంట్లో ఎవురుంటారు?"

"మా నాయన. ఆయనకు ఎనభై ఏండ్లు. ఆయన్ను దీంట్లోకి లాగితే బాగుండదు ఓబులేసూ."

నేను లాగలేదు. జాయింటు మార్చిన బండిని దూరం నడిపి చూడకుండా ఇవ్వడం నా పద్ధతి కాదని మాత్రం చెప్పాను. అది అబద్ధం కూడా కాదు. ఎటువైపు నడుపుతానో చెప్పలేదు, వాడూ అడగలేదు.

కళ్ళం

మరుసటి రోజు పొద్దున బాషాను స్టీరింగు ముందు కూర్చోబెట్టుకుని ఆ పల్లెకు పోయాను. ఇంటి పక్కనే కళ్ళం. గుండ్రంగా, నున్నగా, టైర్ల గాడి స్పష్టంగా కనబడుతోంది. గట్టు మీద తలగుడ్డ చుట్టుకుని నారాయణరెడ్డి కూర్చున్నాడు. మేము కారు దిగకముందే లేచి వచ్చాడు.

"వచ్చిందా కారు? మేలు. ఇంగా సుబ్బన్న వాళ్ళ కుప్ప మిగిలిండాది" అన్నాడు.

ఇంతకాలం నేను ఎన్నో నేరాలు బయటపెట్టాను గానీ, నేరస్థుడు ఇంత సంతోషంగా ఎదురొచ్చింది అదే మొదటిసారి.

"నువ్వేనా పెద్దాయనా తోలింది?"

"నేను గాక ఎవురు తోల్తారు? ఎద్దుల్ని కరువులో అమ్మేస్తిమి. ట్రాక్టరోన్ని పిలిస్తే ఇంత పంటకు నేను రావల్నా అంటాడు. పైన మోడం పట్టిండె. కళ్ళంలో తడిస్తే ఆ పిడికెడు ఒలవలు గూడ పోవా? ఈ కారు ఊరికే నిలబడుకోనుండాది."

"కుడికే తిప్పినావు గదా?"

"కుడికి తిప్పితేనే గదప్పా కిటికీలోంచి కింద నలిగిందా లేదా కనపడేది." అని ఆలోచించి, "ఆ పక్కది పోయిందా? అయితే ఈ సారి ఎడమకు తిప్పితే సరిపోతాది లే" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. పంట వానపాలు కాకుండా చేతికందినదాన్ని వాడుకున్న రైతు ఆయన. బండి ఎందుకు పాడైందో ఆయన దాచలేదు, ఎవరూ అడగలేదంతే. అడగకుండా తీర్పు చెప్పిన కొడుకు మీదనే నాకు అసహ్యం.

అప్పుడు బాషా సంగతి చెప్పాను. స్టాండులో తాళం లాక్కోవడం, ఆ తర్వాత ఎవరూ పని ఇవ్వకపోవడం, నిన్న కొత్తగా దొంగ అనడం, అన్నీ చెప్పాను. పెద్దాయన బాషా వైపు తిరిగాడు.

"ఏం రా, నువ్వు నాకొచ్చి చెప్పల్ల గదా?"

"ఏమని చెప్పేది పెద్దాయనా, నాకే తెల్దు గదా" అన్నాడు బాషా. అన్నాళ్ళూ అణచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

పెద్దాయన ఇంట్లోకి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు. ముందు సీట్లో ఎక్కాడు. "స్టాండుకు పోనీ. ఓబులేసూ, మా శివునికి ఫోన్ చేసి ఆడికే రమ్మను" అన్నాడు.

మేము పోయేసరికి శివారెడ్డి టీ బంకు పక్కన నిలబడి ఉన్నాడు. తండ్రిని చూసి వాడి ముఖం రంగు మారింది. దగ్గరికి వచ్చి, "ఇంటికి పోదాం పా నాయనా, ఈడ వద్దు" అన్నాడు మెల్లగా.

"ఈడనే గదా నువ్వు అనింది" అన్నాడు పెద్దాయన.

డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. పెద్దాయన గొంతు పెంచలేదు.

"ఏమప్పా, అందరూ వినండి. ఈ కారు చెడగొట్టింది నేను. కళ్ళంలో ఒలవలు తొక్కించినా. ఈ పిల్లోనికి ఏమీ తెల్దు. వీన్ని ఈడ అనరాని మాట అనినారంట. అది మా తప్పు."

మా తప్పు అన్నాడు. కొడుకు తప్పు అని కూడా అనలేదు. శివారెడ్డి ఒక్క మాట అన్నా చాలు, తలూపినా చాలు. వాడు ఫోన్లో ఏదో చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ తర్వాత కారు వెనక తలుపు తీసి లోపల కూర్చుని అద్దం పైకి ఎక్కించుకున్నాడు.

స్టాండులో పెద్దవాడైన ఒక డ్రైవరు బాషా భుజం మీద చెయ్యి వేసి, "రేప్పొద్దున ఒగ పెళ్ళి బాడుగ ఉండాది, వస్తావా?" అని అడిగాడు. మూసిన అద్దంలోంచి కూడా శివారెడ్డికి వినపడేటట్టు గట్టిగా అడిగాడు. బాషా వస్తానన్నాడు. "ఈ పొద్దుకు పెద్దాయన్ను ఊళ్ళో దింపి వస్తా" అని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కారు కదిలింది. స్టాండు దాటాక పామిడి దారికి కుడికి తిరగాలి. అలవాటు పోదు కదా, నేను రోడ్డు అంచున నిలబడి చెవి పెట్టాను. బాషా స్టీరింగు పూర్తిగా తిప్పి, మెల్లగా, ఎప్పటిలాగే నెమ్మదిగా మలుపు తీసుకున్నాడు. జాయింటు నుంచి చిన్న టిక్కు కూడా రాలేదు. వెనక సీటు నుంచి కూడా రాలేదు.